చిప్ అరగంట ఎంతసేపు?

(విజయవాడలో డిప్లొమా, ఇంజినీరింగ్ విద్యార్థులు, కంట్రోల్ ప్యానెళ్ళు చేసే మెకానిక్‌ల ముందు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి శబ్దం వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

చిప్ సమయాన్ని ఎలా లెక్కపెడుతుందో చెప్పడానికి వచ్చాను. ముందు ఒక పొలం గురించి చెప్తాను, ఎలక్ట్రానిక్స్ తర్వాత. ప్రత్తిపాడు వైపు నాకు వరసకి బాబాయ్ అయ్యే రైతు ఒకాయన ఉన్నాడు. మిర్చి వేశాడు, నల్లరేగడి నేల. బోరు మోటారుకి టైమర్ డబ్బా కావాలన్నాడు. ఆయన అడిగింది చాలా చిన్న పని. బటన్ నొక్కితే మోటారు ఆన్ అవ్వాలి, అరగంట నడవాలి, దానంతట అదే ఆగిపోవాలి. అంతే. ఇందులో కష్టం ఏముంది? మీలో రెండో సంవత్సరం డిప్లొమా వాళ్ళు కూడా సాయంత్రానికి చేసిచ్చే పని.

ఇంట్లో ఆర్డ్యూనో యూనో, అంటే చిప్ ముందే పెట్టి అమ్మే ప్రాక్టీసు బోర్డు, దాని మీద కోడ్ రాశాను. అరగంట పెట్టి కూర్చుని చూశాను, వాచీ పట్టుకుని మరీ చూశాను. సరిగ్గా ఆగింది. తర్వాత చిన్న పీసీబీ, అంటే సర్క్యూట్ బోర్డు చేయించి, యూనోలో ఉండే ఏటీమెగా 328పీ చిప్‌నే విడిగా కొని పెట్టి, చిప్‌కి టిక్కులు ఇచ్చే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ సోల్డర్ చేసి, దాని పక్కన రెండు కెపాసిటర్లు వేసి, అదే కోడ్‌ని యూఎస్‌బీ ప్రోగ్రామర్‌తో ఎక్కించాను. బటన్ నొక్కాను. మోటారుని ఆన్, ఆఫ్ చేసే రిలే టక్ మంది. పనిచేస్తోంది కదా అని డబ్బా మూసి ఇచ్చేశాను.

అక్కడ మళ్ళీ అరగంట కూర్చోలేదు. అదీ నేను చేసిన తప్పు.

మర్నాడు ఆయన పొద్దున్నే బటన్ నొక్కి, పని మీద గుంటూరు వచ్చాడు. పొలంలో ఎవరూ లేరు. సాయంత్రం తిరిగి వెళ్ళేసరికి మోటారు అప్పుడే ఆగినట్టుంది, చేలో నీళ్ళు నిలబడి ఉన్నాయి. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు కరెంటు ఇస్తారు కదా, అందులో ఎనిమిది గంటలు మోటారు నడిచింది. మిర్చికి తడి కావాలి గానీ వేరు దగ్గర నీరు నిలిస్తే తట్టుకోలేదు. పల్లంగా ఉన్న వైపు సాళ్ళు వడలిపోయాయి. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఫోన్ చేసి, "అబ్బాయ్, నీ డబ్బాకి అరగంటంటే ఎంతసేపురా?" అని అడిగాడు. అంతే అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెక్క చూడండి. అరగంట అంటే 30 నిమిషాలు. 8 గంటలంటే 480 నిమిషాలు. 480ని 30తో భాగించండి. ఎంత? గట్టిగా చెప్పండి. పదహారు. సరిగ్గా పదహారు. పదిహేనున్నర కాదు, పదిహేడు కాదు. పాడైపోయిన చిప్ ఇంత కచ్చితంగా తప్పు చేయదండి. ఇంత కచ్చితమైన తప్పు కనిపిస్తే ఎక్కడో ఒక అంకె తప్పు చెప్పామని అర్థం.

ఏ అంకె?

కోడ్‌లో ఎఫ్‌సీపీయూ అని ఒకటి ఉంటుంది. ఆర్డ్యూనో వాడేవాళ్ళకి అది కనపడదు, బోర్డు పేరు ఎంచుకోగానే వెనకాల దానంతట అది సెట్ అయిపోతుంది. నేరుగా సీ లో రాసేవాళ్ళు పైన ఒక లైను రాస్తారు, ఎఫ్‌సీపీయూ ఈజ్ 16000000 అని. చాలామంది ఏమనుకుంటారంటే, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను, ఆ లైను రాస్తే చిప్ 16 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుందని. నడవదు. ఆ లైను చిప్ దాకా వెళ్ళదు. అది కంపైలర్‌కి, అంటే మన కోడ్‌ని చిప్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కి, మనం చెప్పే మాట మాత్రమే. "ఈ చిప్ సెకనుకి కోటీ అరవై లక్షల టిక్కులు కొడుతుంది, నువ్వు ఆ లెక్కన చూసుకో" అంటాం. కంపైలర్ నమ్ముతుంది. దానికి చిప్ కనపడదు కదా, నమ్మక ఏం చేస్తుంది? ఒక మిల్లీసెకను ఆగమంటే 16,000 టిక్కులు లెక్కపెట్టమని కోడ్ తయారుచేస్తుంది. డిలే ఫంక్షన్‌కి గడియారం లేదండి. దానికి సెకను అంటే తెలియదు, మిల్లీసెకను అంటే తెలియదు. టిక్కులు లెక్కపెట్టడం ఒక్కటే తెలుసు.

మరి చిప్ నిజంగా ఎంత వేగంతో నడుస్తుందో ఎవరు నిర్ణయిస్తారు? ఈ చిప్‌లో ఫ్యూజ్ బిట్స్ నిర్ణయిస్తాయి. ఫ్యూజ్ అనగానే మీటరు బోర్డులో ఫ్యూజు గుర్తుకొస్తుంది, అది కాదు. కోడ్‌తో సంబంధం లేకుండా చిప్‌లో విడిగా రాసి ఉంచే సెట్టింగులు ఇవి. ఏటీమెగా 328పీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు వాటిలో లో ఫ్యూజ్ అనే దాంట్లో, హెక్స్ అంకెల్లో, 62 అని ఉంటుంది. దాని అర్థం ఏంటంటే, లోపల ఉన్న 8 మెగాహెర్ట్జ్ ఆర్‌సీ ఆసిలేటర్, అంటే చిప్ సొంత టిక్కుల సర్క్యూట్, వాడు, దాన్ని మళ్ళీ 8తో భాగించు. అంటే 1 మెగాహెర్ట్జ్. బయట క్రిస్టల్ లేకపోయినా, ఓల్టేజీ తక్కువున్నా చిప్ లేచి నిలబడాలి, ఏ ప్రోగ్రామర్‌తోనైనా మాట్లాడగలగాలి, అందుకే అలా పంపిస్తారు. అది మంచి ఏర్పాటే, నేను తప్పుపట్టను. యూనో బోర్డు మీద చిప్‌కి మాత్రం ఆ ఫ్యూజులు ముందే మార్చేసి ఇస్తారు, అక్కడ లో ఫ్యూజ్ ఎఫ్ఎఫ్. అందుకే యూనో మీద సరిగ్గా నడిచింది, నా పీసీబీ మీద పదహారో వంతు వేగంతో నడిచింది.

ఇంకోసారి చెప్తాను, ఇది ముఖ్యం. నా బోర్డు మీద క్రిస్టల్ ఉంది. 16.000 అని ఒంటి మీద రాసి ఉంది. సోల్డరింగ్ బాగుంది. కెపాసిటర్లు బాగున్నాయి. చిప్ దాని వైపు చూడనే లేదు. ఇంట్లో మోటారు ఉంది, పైపు ఉంది, కానీ గేట్ వాల్వు కట్టేసి ఉంది, అలాంటిదన్నమాట.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ డబ్బా ముందే నాకు చెప్పింది, నేను వినలేదు. టెస్ట్ చేసేటప్పుడు బటన్ కొంచెం సేపు నొక్కి పట్టుకుంటే గానీ రిలే పడలేదు. స్విచ్ నాసిరకం అనుకున్నాను. అది స్విచ్ తప్పు కాదు. బటన్ డీబౌన్స్‌కి, అంటే నొక్కుడు నిజమో కాదో తేలేదాకా ఆగడానికి, కోడ్‌లో 50 మిల్లీసెకన్లు పెట్టాను. పదహారు రెట్లయితే 800 మిల్లీసెకన్లు, దాదాపు ఒక సెకను. ఆ చిన్న తేడా వేలికి తెలిసింది, బుర్రకి ఎక్కలేదు. మీ బోర్డులో బటన్ మందంగా స్పందిస్తున్నా, ఎల్‌సీడీ మీద అక్షరాలు నెమ్మదిగా పడుతున్నా, వెంటనే క్లాక్‌ని, అంటే ఆ టిక్కుల వేగాన్ని, అనుమానించండి.

ఇప్పుడు మీ ముందే చూపిస్తాను. ఈ టేబుల్ మీద అదే చిప్, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది. కోడ్ ప్రకారం ఈ ఎర్ర ఎల్‌ఈడీ ఒక సెకను వెలిగి, ఒక సెకను ఆరాలి. ముందు వరసలో అమ్మాయి, మీరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. వెలగ్గానే నొక్కండి. మిగతావాళ్ళు గట్టిగా లెక్కపెట్టండి. ఒకటీ... రెండూ... మూడూ... లెక్కపెట్టండి, ఆపొద్దు... పదిహేనూ... పదహారూ... ఆ, ఆరింది. ఎంతమ్మా? 16.1. చెయ్యి నొక్కడంలో పదో వంతు తేడా వచ్చింది, అంతే. సిగ్నల్‌ని గీసి చూపించే వేల రూపాయల స్కోప్ లేకుండా, ఫోన్‌తో పట్టుకున్నాం.

ఇప్పుడు ఫ్యూజ్ మారుస్తున్నాను. కోడ్ ముట్టుకోవట్లేదు, చూడండి, ఒక్క అక్షరం కూడా మార్చట్లేదు. లో ఫ్యూజ్ ఎఫ్ఎఫ్ రాశాను. ఇప్పుడు చూడండి. టక్, టక్, సెకనుకొకటి. ఆర్డ్యూనో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు మెనూలో బర్న్ బూట్‌లోడర్ నొక్కితే ఇదే పని జరుగుతుంది. మీకు బూట్‌లోడర్, అంటే ప్రోగ్రామర్ లేకుండా కోడ్ ఎక్కించుకునే చిన్న ప్రోగ్రాం, అక్కర్లేకపోయినా సరే ఒకసారి నొక్కండి, ఎందుకంటే ఫ్యూజులు రాసేది అప్పుడే. మామూలుగా ప్రోగ్రామర్‌తో అప్‌లోడ్ చేస్తే ఫ్యూజుల జోలికి వెళ్ళదు. నేను పడిన గొయ్యి అదే.

గుణకం చూస్తే దొంగ దొరుకుతాడు

ఇది రాసుకోండి. టైమింగ్ తప్పినప్పుడు ముందు ఎన్ని రెట్లు తప్పిందో కొలవండి. పదహారు రెట్లు నెమ్మదా? 1 మెగాహెర్ట్జ్ చిప్‌లో 16 కోసం రాసిన కోడ్. ఎనిమిది రెట్లా? ఎనిమిదితో భాగించే ఫ్యూజ్ తీయలేదు, లో ఫ్యూజ్ ఈ2 చేస్తే సరిపోతుంది. రెండు రెట్లు వేగమా? ప్రో మినీ అనే చిన్న ఆర్డ్యూనోలో 3.3 ఓల్టులది 8 మెగాహెర్ట్జ్, 5 ఓల్టులది 16, మెనూలో ఒకటి బదులు ఇంకోటి ఎంచుకున్నారు. నాలుగు రెట్లా? పిక్ చిప్ అయ్యుంటుంది, అందులో ఒక ఇన్‌స్ట్రక్షన్‌కి నాలుగు క్లాకులు పడతాయి, ఆ నాలుగు మర్చిపోయారు. పన్నెండా? పాత 8051 చిప్, అందులో పన్నెండు క్లాకులు పడతాయి. తొమ్మిదా? ఎస్‌టీఎం 32 చిప్ ఉండే బ్లూ పిల్ బోర్డు, 72 మెగాహెర్ట్జ్ అనుకున్నారు, క్లాక్‌ని రెట్లు పెంచే పీఎల్ఎల్ ఆన్ కాలేదు, 8 మీదే నడుస్తోంది. కొంచెం కొంచెం తప్పుతోందా, రెండు శాతం, ఐదు శాతం? అది వేరే జబ్బు, దాని దగ్గరకి తర్వాత వస్తాను.

చిప్ పంపే అక్షరాలు కంప్యూటర్‌లో చూపించే సీరియల్ మానిటర్‌లో చెత్త అక్షరాలు వస్తున్నాయని ఎంతమంది తల పట్టుకున్నారు? చేతులెత్తండి. చూడండి, సగం హాలు. అక్కడా ఇదే లెక్క. కోడ్‌లో బాడ్ రేట్, అంటే సెకనుకి పంపే బిట్లు, 9600 అన్నారు, చిప్ పదహారో వంతు నడుస్తోంది, అంటే బయటికి వచ్చేది 600. ఎనిమిదో వంతయితే 1200. సీరియల్ మానిటర్‌లో 1200 పెట్టి చూడండి, అక్షరాలు శుభ్రంగా వస్తే మీ జబ్బు ఏంటో తెలిసిపోయినట్టే. వైర్లు మార్చక్కర్లేదు, కేబుల్ కొనక్కర్లేదు.

ఈఎస్‌పీ 8266 అనే వైఫై చిప్ వాడినవాళ్ళు ఒక వింత అంకె చూసుంటారు, 74880. ఆన్ చేయగానే వచ్చే బూట్ మెసేజీలు ఆ బాడ్ రేట్ పెడితేనే చదవగలం. ఇలాంటి అంకె ఎవరైనా కావాలని పెట్టుకుంటారా? ఎవరూ పెట్టుకోరు. చిప్‌లో పుట్టుకతో ఉన్న బూట్ కోడ్ తనకి 40 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉందనుకుని 115200కి లెక్క వేసుకుంటుంది. బోర్డు మీద ఉన్నది 26. 115200ని 26తో గుణించి 40తో భాగించండి. ఫోన్ తీసి చేయండి, నేను ఆగుతాను. సరిగ్గా 74880. నా మిర్చి చేలో జరిగినదే అక్కడా జరుగుతోంది. కోడ్ ఒకటి అనుకుంటోంది, క్లాక్ ఇంకోటి. ప్రపంచంలో ఎక్కడ ఆ చిప్ ఆన్ చేసినా రోజూ ఇదే.

ఇక కొంచెం కొంచెం తప్పే జబ్బు. ల్యాబుల్లో 8051 కిట్ చూశారు కదా, దాని మీద క్రిస్టల్ ఎంత? 11.0592. ఎప్పుడైనా మీ సార్‌ని అడిగారా, 12 పెట్టకుండా ఈ వంకర అంకె ఎందుకని? నేను చదువుకునేటప్పుడు అడగలేదు, రికార్డులో 11.0592 అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు చేద్దాం రండి. 11.0592 మెగాహెర్ట్జ్‌ని 12తో భాగిస్తే 921600. దాన్ని సీరియల్ కోసం 32తో భాగిస్తే 28800. దాన్ని 3తో భాగిస్తే? 9600. శేషం లేదు, సున్నా. టైమర్‌లో ఎఫ్‌డీ వేస్తాం చూశారా, 256లోంచి 3 తీసేస్తే వచ్చే 253 అది. ఇప్పుడు 12 మెగాహెర్ట్జ్ పెట్టి చూడండి. 12తో భాగిస్తే పది లక్షలు, 32తో భాగిస్తే 31250, 3తో భాగిస్తే 10416 చిల్లర. ఎనిమిదిన్నర శాతం ఎక్కువ. అందమైన అంకె 12 పనికిరాలేదు, వంకర అంకె పనికొచ్చింది.

ఎనిమిదిన్నర శాతం అంటే ఏమైపోతుంది అనకండి. సీరియల్‌లో ఒక అక్షరానికి పది బిట్లు, మొదట స్టార్ట్, తర్వాత ఎనిమిది, చివర స్టాప్. అవతలివాడు స్టార్ట్ బిట్ చూసి తన గడియారంతో లెక్క మొదలుపెడతాడు. ఒక్కో బిట్‌కి ఎనిమిదిన్నర శాతం జరుగుతూ పోతే ఆరో బిట్‌కి అర బిట్ జరిగిపోయింది, అంటే పక్క బిట్‌ని చదువుతున్నాడు. పదో బిట్ దాకా నిలబడాలంటే ఇద్దరి గడియారాల మధ్య తేడా మొత్తం ఐదు శాతం లోపు ఉండాలి, మనవైపు రెండు శాతం దాటకుండా చూసుకుంటే నిశ్చింత. మన 328పీ లాంటి ఏవీఆర్ చిప్‌లో 16 మెగాహెర్ట్జ్‌తో 9600 పెడితే వచ్చే తప్పు 0.2 శాతమే. అదే చిప్‌తో 115200 పెడితే మామూలు మోడ్‌లో మూడున్నర శాతం తప్పు, డబుల్ స్పీడ్ మోడ్‌లో రెండు శాతం పైన. ఈ పట్టిక చిప్ కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో ఉంటుంది, అచ్చంగా ఇదే పేజీ ప్రింటు తీసి గోడకి అంటించుకోండి.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఈ 328పీలో లోపలి ఆర్‌సీ ఆసిలేటర్‌కి ఫ్యాక్టరీ హామీ ప్లస్ ఆర్ మైనస్ పది శాతం. చాలా చిప్‌లు అంతకంటే బాగానే ఉంటాయి, కానీ హామీ అంతే. అది 25 డిగ్రీల్లో, 3 ఓల్టుల దగ్గర ట్యూన్ చేసింది. మనం 5 ఓల్టులిస్తాం. 25 డిగ్రీలు మనకి ఎప్పుడు ఉంటాయండి? మే నెలలో ఇనప డబ్బాని బోరు దగ్గర ఎండలో పెడతాం. క్రిస్టల్ డబ్బులు మిగులుతాయని లోపలి క్లాక్‌తో ఒక స్టార్టర్ బోర్డు చేశాను, దానికి ఫోన్‌కి మెసేజీలు పంపే జీఎస్ఎం మాడ్యూల్‌ని సీరియల్‌తో తగిలించాను. పొద్దున్న మెసేజీలు చక్కగా వచ్చేవి. మధ్యాహ్నం రెండింటికి ఆగిపోయేవి. సాయంత్రం మళ్ళీ మామూలు. యాంటెన్నా మార్చాను, సిమ్ మార్చాను, ఎర్తింగ్ తవ్వించాను. చివరికి ఎండలో మల్టీమీటర్ పెట్టి క్లాక్ కొలిస్తే దొరికింది, వేడికి క్లాక్ జరిగిపోతోంది. ఆరోజు నుంచి సీరియల్ ఉన్న ఏ బోర్డుకీ క్రిస్టల్ మానలేదు. ఆస్‌క్యాల్ అనే రిజిస్టర్‌తో లోపలి క్లాక్‌ని ఒక శాతం దాకా సవరించుకోవచ్చు, బొమ్మలకి, బల్బులకి అది చాలు. ఎండలో ఉండే డబ్బాకి నేను ఒప్పుకోను.

పెద్ద చిప్‌లు వాడేవాళ్ళకి, ఎస్‌టీఎం 32 లాంటివి, ఒక మాట. వాటిలో క్లాక్ ఒక్క చోట ఉండదు. మనకి ప్రకాశం బ్యారేజీ ఉంది కదా. అక్కడ నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ అని చీలుతుంది, మధ్యలో లాకులు, వాటి కింద చిన్న కాలువలు, చివరికి చేలో బోదె. బ్యారేజీలో నీటిమట్టం ఎంతో చెప్పి మీ బోదెలో ఎంత పారుతోందో చెప్పగలరా? చెప్పలేరు, మధ్యలో ప్రతి లాకు దగ్గరా చూడాలి. ఇక్కడా అంతే. బ్లూ పిల్‌లో 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, పీఎల్ఎల్ దాన్ని తొమ్మిది రెట్లు చేస్తే 72. అక్కడి నుంచి ఒక బస్సుకి, అంటే చిప్ లోపలి భాగాలని కలిపే దారికి, 72 వెళ్తుంది, ఏపీబీ 1 అనే ఇంకో బస్సుకి 36 మించి ఇవ్వకూడదు. చిత్రం ఏంటంటే, ఆ 36 బస్సు మీదున్న టైమర్లకి మాత్రం మళ్ళీ రెట్టింపయి 72 వెళ్తుంది. ఇది తెలియక టైమర్ సరిగ్గా రెండు రెట్లు వేగంగా నడుస్తోందని వారాల తరబడి కొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఎస్‌టీఎం 32లోనే ఎఫ్ 4 రకంలో లైబ్రరీ ఫైల్ క్రిస్టల్ 25 మెగాహెర్ట్జ్ అనుకుంటుంది, డిస్కవరీ బోర్డు మీద 8 ఉంటుంది. ఆ ఒక్క లైను మార్చకపోతే 115200 అనుకున్న సీరియల్ 36864 మీద వస్తుంది.

ఎంత కచ్చితంగా కావాలి?

క్రిస్టల్ పెడితే అయిపోయిందా? ఏ పనికి అన్నదాన్ని బట్టి. యూనో బోర్డు మీద మెయిన్ చిప్‌కి ఉన్నది నిజానికి క్రిస్టల్ కాదు, సిరామిక్ రెసొనేటర్. అర శాతం దాకా తేడా ఉండొచ్చు. అరగంట మోటారుకి అర శాతం అంటే తొమ్మిది సెకన్లు, బాబాయ్‌కి ఏం నష్టం లేదు. కానీ అదే యూనోతో ఎవరైనా బడి గంట కొట్టే డబ్బా చేశారనుకోండి. రోజుకి 86400 సెకన్లు, అందులో అర శాతం 432. ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు! నెలకి మూడున్నర గంటలు దాటిపోతుంది. పిల్లలు మధ్యాహ్నం అన్నం గంట కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

మామూలు క్రిస్టల్ 20 పీపీఎం అనుకుందాం, అంటే పది లక్షల్లో ఇరవై. రోజుకి 1.7 సెకన్లు. గడియారాల్లో వాడే 32768 క్రిస్టల్ తెలుసు కదా, పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకొకటి వస్తుంది, అందుకే ఆ అంకె. అది కూడా 25 డిగ్రీల దగ్గరే బాగుంటుంది. వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదించడం కూడా తేడాకి వర్గం లెక్కన పెరుగుతుంది. 45 డిగ్రీల్లో రోజుకి సుమారు 1.2 సెకన్లు, ఎండలో డబ్బా లోపల 60 అయితే మూడున్నర సెకన్ల దాకా. కాబట్టి గంట డబ్బాకి డీఎస్ 3231 అనే గడియారం చిప్ పెట్టండి, వేడిని తనే కొలుచుకుని సవరించుకుంటుంది, 40 డిగ్రీల దాకా 2 పీపీఎం, ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూ. చిన్నప్పుడు మా ఇంట్లో గోడ గడియారాన్ని ఆకాశవాణి వార్తల ముందు వచ్చే టైం బీప్‌లతో కలిపేవాళ్ళం. ఎంత మంచి గడియారమైనా అప్పుడప్పుడు ఇంకోదానితో కలపాల్సిందే.

కోడ్‌లో వచ్చే ఒక చిన్న తప్పు కూడా చెప్పేస్తాను. 16 మెగాహెర్ట్జ్‌ని 256 ప్రీస్కేలర్‌తో భాగిస్తే 62500. కాబట్టి సెకను కోసం టైమర్ 1లో 62500 వేస్తారు. తప్పు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, 62499 వేయాలి. ఒక్కటే కదా అనిపిస్తుంది, రోజుకి 1.4 సెకన్లు పోతుంది. క్రిస్టల్ తప్పంత తప్పు మీరు కోడ్‌లోనే చేశారన్నమాట.

కొలవడం గురించి. స్కోప్ లేదని ఆగకండి. హెర్ట్జ్ చూపించే మల్టీమీటర్ మీలో చాలామంది దగ్గర ఉంది, మనం కరెంటు ఫ్రీక్వెన్సీ చూడ్డానికి వాడతాం కదా, అదే. ఒక పిన్‌ని 10 మిల్లీసెకన్లకోసారి మార్చే చిన్న కోడ్ రాయండి, మీటరు 50 చూపించాలి. 3.1 చూపించిందా, చిప్ 1 మెగాహెర్ట్జ్ మీద ఉంది. 25 చూపిస్తే 8 మీద. క్రిస్టల్ కాళ్ళ మీద మాత్రం ప్రోబ్ పెట్టకండి, ప్రోబ్ కెపాసిటెన్స్‌కే అది జరిగిపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. క్లాకే చూడాలంటే క్లాక్ అవుట్ అనే ఫ్యూజ్ ఉంది, అది ఆన్ చేస్తే 14వ కాలు మీద బయటికొస్తుంది, అక్కడ చూడండి. ఏమీ లేకపోతే ఫోన్ స్టాప్‌వాచ్, పది నిమిషాలు. చేతి తప్పు పావు సెకను అనుకున్నా 600 సెకన్లలో అది లెక్కలోకి రాదు.

ఫ్యూజ్ అంటే భయపడేవాళ్ళకి. బయటి క్రిస్టల్ అని రాసేశారు, బోర్డు మీద క్రిస్టల్ లేదు, చిప్ పలకడం మానేసింది. అది చావలేదు, పారేయకండి. ఇంకో ఆర్డ్యూనో నుంచి ఒక మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ తెచ్చి 9వ కాలికి ఇవ్వండి, గ్రౌండ్లు కలపండి, లేస్తుంది, అప్పుడు ఫ్యూజ్ మార్చండి. 1 మెగాహెర్ట్జ్ చిప్‌తో ప్రోగ్రామర్ కూడా నెమ్మదిగా మాట్లాడాలి, చిప్ క్లాక్‌లో నాలుగో వంతు కంటే తక్కువ వేగంతో. ఏవీఆర్‌డ్యూడ్ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో మైనస్ బీ 10 అని పెడితే సరిపోతుంది. కొత్త చిప్ దొరకట్లేదని ఎర్రర్ వస్తే సగం సార్లు కారణం ఇదే, చిప్ నకిలీ అని షాపువాడితో గొడవ పెట్టుకోకండి. రీసెట్ డిసేబుల్ అనే ఫ్యూజ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, దాన్నుంచి బయటపడాలంటే 12 ఓల్టుల ప్రోగ్రామర్ కావాలి. ఇంకొకటి, 3.3 ఓల్టులిచ్చి 16 మెగాహెర్ట్జ్ నడపకండి. నడుస్తుంది, నేనూ చూశాను. కానీ డేటాషీట్ ప్రకారం 2.7 ఓల్టుల దగ్గర 10 వరకే, 20 దాకా వెళ్ళాలంటే 4.5 ఉండాలి. నడిచినన్నాళ్ళు నడిచి ఏదో ఒక రోజు ఆగే డబ్బాని రైతుకి ఎలా ఇస్తాం?

బాబాయ్ సంగతి అడుగుతారని తెలుసు. ఫ్యూజ్ మార్చి డబ్బా తీసుకెళ్ళాను. ఆయన బిగించనివ్వలేదు. "ముందు నా ఎదురుగా అరగంట నడిపించు" అన్నాడు. షెడ్డు ముందు నులకమంచం వాల్చి, చేతి గడియారం విప్పి పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఎవరం మాట్లాడుకోలేదు. ముప్పై నిమిషాలకి టక్ మంది, మోటారు ఆగింది. ఆయన గడియారం చూసుకుని తల ఊపి, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. అప్పటినుంచి నా దగ్గర నుంచి వెళ్ళే ప్రతి డబ్బా, చివరి పీసీబీ మీద, చివరి చిప్‌తో, మూత బిగించాక, పూర్తి సమయం నడిచి ఆగితేనే బయటికి వెళ్తుంది. రోజుకి నాలుగు డబ్బాలే అవుతాయి. కానివ్వండి.

మీలో బోర్డులు తెచ్చుకున్నవాళ్ళు ఎడమవైపు టేబుల్ దగ్గరికి రండి. రెండు ప్రోగ్రామర్లు, ఒక మల్టీమీటర్ పెట్టాను. ముందు ఫ్యూజులు చదివి కాగితం మీద రాద్దాం, తర్వాత పిన్ మీద కొలుద్దాం, ఆ తర్వాత కోడ్ తెరిచి ఎఫ్‌సీపీయూ ఏం రాశారో చూద్దాం. కోడ్ ముందు చూపించకండి, చివర్లో చూద్దాం.